ముందు సోఫాని గోడ దగ్గర్నుంచి ఇవతలికి లాగండి

హాలు 12 అడుగుల వెడల్పు, 15 అడుగుల పొడవు. స్పీకర్లు టీవీకి అటొకటి ఇటొకటి. సోఫా ఎదురుగోడకి ఆనించి ఉంది. పాట గుమ్మని మోగుతోంది, కేబుళ్లు మార్చాలా, అసలు ఎక్కడ కూర్చుని వినాలి అని అడిగారు. కేబుళ్ల జోలికి పోకండి. మీ జబ్బంతా ఆ సోఫాలో ఉంది.

మాది విజయనగరం. మా హాలూ ఇంచుమించు మీ కొలతే. కొన్నేళ్ల కిందట నాన్నగారి స్నేహితులొకరు మా ఇంటికి భోజనానికి వచ్చారు. మా ఊరి సంగీత కళాశాలలో మృదంగం నేర్చుకున్న పెద్దాయన. ఆయన వస్తున్నారని ఒక గాత్ర కచేరీ రికార్డు సిద్ధం చేసి పెట్టాను. సోఫాలో కూర్చుని కాసేపు విన్నారో లేదో మొహం చిట్లించారు.

"ఒరే అబ్బాయ్, ఈ తొప్పి ఏవిట్రా, ఎలా కొట్టినా ఒకటే మోత మోగుతోంది? ఇంత చెయ్యున్నవాడు తొప్పిని ఇలా వదిలేస్తాడా?" అన్నారు. తొప్పి అంటే మృదంగంలో ఎడమ పక్క, లోతుగా మోగేది.

అంటూనే లేచి, చేతులు వెనక్కి కట్టుకుని, తల ఓ పక్కకి వాల్చి టీవీ వైపు నెమ్మదిగా నడిచారు. హాలు సరిగ్గా మధ్యకి వచ్చేసరికి ఆగి, "ఇక్కడ అట్టడుగు ఎగిరిపోయింది" అన్నారు. ఒకటిన్నర అడుగు వెనక్కి వేశారు. అక్కడ కళ్లు మూసుకుని నిలబడిపోయారు. "ఇదిగో, ఇక్కడ గుంకీ వినపడుతోంది. కుర్చీ ఇక్కడ వెయ్యి."

గుంకీ అంటే, అరచేతి మడమని తోలు మీద ఒత్తి జరిపితే వచ్చే ఆ చిన్న మూలుగు. సోఫాలో కూర్చుంటే అదసలు లేదు, ఉన్నదంతా మోతే. వసారాలోంచి ప్లాస్టిక్ కుర్చీ తెచ్చి వేశాను. తని ఆవర్తనం, అంటే మృదంగం ఒక్కటే వాయించే ఘట్టం, అయ్యేదాకా ఆయన లేవలేదు. అమ్మ వడ్డించిన అన్నం చల్లారిపోయింది. తర్వాత టేపు పెట్టి కొలిస్తే వెనక గోడకి ఆరడుగులకి కాస్త తక్కువలో ఉంది ఆ కుర్చీ.

ఇందులో మాయ ఏమీ లేదు. 15 అడుగుల గదిలో ఎదురెదురు గోడల మధ్య దాదాపు 38 హెర్ట్జ్ (సెకనుకి 38 ఊపులు) దగ్గర ఒక లోతైన శబ్దం, దానికి రెట్టింపు 75 దగ్గర ఇంకొకటి ఊగుతూ నిలబడిపోతాయి. గోడ దగ్గర రెండూ పొంగుతాయి. గది నడిమధ్యలో మొదటిది మాయమై, రెండోది పొంగుతుంది. రెండూ అదుపులో ఉండే చోటు కావాలంటే గోడకి, మధ్యకి నడుమ వెతుక్కోవాలి. వెనక గోడ నుంచి గది పొడవులో 38 శాతం దూరంలో వెతకడం మొదలుపెట్టమని ఒక లెక్క వాడుకలో ఉంది. మీ హాలుకి అది 5 అడుగుల 8 అంగుళాలు. ఆ పెద్దాయనకి ఈ లెక్క తెలియదు, చెవి చెప్పింది. నన్నడిగితే మీటర్లు, యాప్‌లు అన్నీ ఆ చెవి తర్వాతే.

ఇక కుడి ఎడమల సంగతి. స్పీకర్ల మధ్య ఎంత దూరమో, ఒక్కో స్పీకరుకీ మీకూ మధ్య ఇంచుమించు అంతే ఉండాలి. మీ హాల్లో ఏడడుగులు, కాస్త అటూ ఇటూ. పైనుండే చిన్న గుండ్రటి ట్వీటర్ కూర్చున్న మనిషి చెవి ఎత్తుకి రావాలి. ఒక స్పీకరుకి అడుగు దగ్గర జరిగినా దాని శబ్దం మిల్లీసెకను ముందే చేరుతుంది. ఆమాత్రం తేడాకే గొంతు మొత్తం ఆ పక్కకి ఒరిగిపోతుంది.

మధ్య కుదిరిందో లేదో చూడ్డానికి 1950ల నాటి ఘంటసాల గారి పాటో, సుశీల గారి పాటో పెట్టండి. ఇద్దరూ మా ఊరి సంగీత కళాశాలలో చదువుకున్నవాళ్లే. అప్పటి పాటలు మోనో, అంటే రెండు స్పీకర్లలోనూ ఒకటే వస్తుంది. మీరు సరైన చోట ఉంటే ఆ గొంతు రెండింటి నడుమ, స్పీకరే లేని చోట, ఒక్క చుక్కలా నిలబడుతుంది. పరుచుకుపోయినట్టు ఉంటే కుర్చీని బెత్తెడు బెత్తెడు జరపండి. ఇప్పుడు స్టీరియో చేశామని మళ్లీ వదిలినవి మాత్రం ఈ పనికి వద్దు.

నా బాధ ఒకటి చెప్పనివ్వండి. ఆదిభట్ల నారాయణదాసు గారు 1919లో మొదటి ప్రిన్సిపాల్‌గా కూర్చున్న కళాశాల, ద్వారం వెంకటస్వామి నాయుడు గారు వయొలిన్ నేర్పిన కళాశాల ఉన్న ఊరు మాది. అలాంటి ఊళ్లో స్పీకర్ల షాపుకి వెళ్తే బేస్ ఎంత అదురుతుందో చూపిస్తారు తప్ప గొంతు వినిపించేవాడు కనపడడు. ఇళ్లు చూస్తే నున్నటి టైల్సు, ఉత్త గోడలు, అద్దాల షోకేసు. శబ్దం ఎక్కడ తగిలినా తిరిగి మన మీదికే వస్తుంది. పెంకుటింట్లో రేడియో ఎంత హాయిగా వినపడేదో విన్నవాళ్లకి తెలుసు. ఇల్లు కట్టేటప్పుడు వాస్తుకి ఇచ్చే శ్రద్ధలో పావు వంతు చెవికి ఇవ్వరు.

సోఫా కదలడానికి వీల్లేదని ఇంట్లోవాళ్లు పట్టుబడితే వాళ్లతో తగువు పెట్టుకోకండి. వినేటప్పుడు మటుకు ఓ కుర్చీ ముందుకి వేసుకుని, అయ్యాక తీసేయండి. అదీ కుదరదంటే తల వెనక గోడకి మందపాటి పాత బొంత వేలాడదీయండి. దాంతో మోత తగ్గదు గానీ, గొంతు మీద పడే గోడ గరగర తగ్గుతుంది. తలుపు ఏ గోడకి ఉందో, స్పీకర్లు గోడకి ఎంత దూరమో రాస్తే మిగతాది చెప్తాను.