గీకిన డబ్బు ఎక్కడ ఆగుతుంది?

ప్రశ్న: మంగళగిరిలో మా ఇంటి ముందు గదిలోనే చేనేత చీరల షాపు నడుపుతున్నాను. జీఎస్టీ నా పేరు మీదే ఉంది. ఇన్నాళ్లూ మావారి సేవింగ్స్ అకౌంట్‌కి ఉన్న క్యూఆర్‌తో నెట్టుకొచ్చాను. పెళ్లిళ్ల సీజన్‌లో పదిహేను, ఇరవై వేలకు చీరలు తీసుకునేవాళ్లు క్రెడిట్ కార్డు తీస్తున్నారు. బ్యాంకువాళ్లేమో కరెంట్ అకౌంట్ తెరిస్తే కార్డు గీకే మిషన్ ఇస్తామంటున్నారు. నెలకు 400 అద్దె, క్రెడిట్ కార్డు మీద 1.6 శాతం. ఒక కంపెనీ కుర్రాడు వచ్చి అద్దె లేదు, 2 శాతం, అరగంటలో ఫోన్‌లోనే అకౌంట్ అంటున్నాడు. హైదరాబాద్‌, బెంగళూరుకు పార్సిళ్లు కూడా పంపుతుంటాను. ఏది తీసుకోమంటారు? ఆ 2 శాతం కస్టమర్ దగ్గరే వసూలు చేయొచ్చా?
– ఒక పాఠకురాలు, మంగళగిరి

జవాబు: అమ్మా, ముందు మీవారి సేవింగ్స్ అకౌంట్ సంగతి తేల్చేద్దాం. అది ఇంటి ఖర్చులకు, పొదుపుకు. బిల్లు మీ జీఎస్టీ మీద రాసి, డబ్బు ఆయన ఖాతాలో పడుతుంటే రేపు ఇన్‌కమ్ టాక్స్ వాళ్లు అడిగేది ఆయన్ని. మీ షాపు పేరుతో కరెంట్ అకౌంట్ తెరవండి. వడ్డీ రాదు, మినిమమ్ బ్యాలెన్స్ ఉంచాలి, అయినా తప్పదు. కంపెనీ మిషన్ తీసుకున్నా డబ్బు చివరికి చేరాల్సింది అందులోకే.

ఇక అసలు తికమక. ఆ ఇద్దరూ ‘అకౌంట్’ అనే అంటున్నారు గానీ చెప్పేది ఒకటి కాదు. కరెంట్ అకౌంట్‌కి తోడు మిషన్ కోసం బ్యాంకు ఇచ్చేది మర్చంట్ అకౌంట్. షాపు చూసి, కాగితాలు చూసి, మిమ్మల్ని వ్యాపారిగా నమోదు చేసుకుని మీకంటూ ఒక నంబరు ఇస్తుంది. అందుకే రోజులు పడుతుంది. కుర్రాడి కంపెనీ అగ్రిగేటర్. వేలమంది వ్యాపారుల్ని తన గొడుగు కింద పెట్టుకుంటుంది. కస్టమర్ గీకిన డబ్బు ముందు ఆ కంపెనీ ఎస్క్రో ఖాతాకు, అంటే వ్యాపారుల డబ్బు విడిగా ఉంచే ఖాతాకు వెళ్లి, అక్కడి నుంచి మీకు వస్తుంది. ఆ ఖాతా బ్యాంకులోనే ఉండాలని, కంపెనీ సొంత డబ్బుతో కలపకూడదని రిజర్వ్ బ్యాంకు 2020 మార్చిలో ఆన్‌లైన్ అగ్రిగేటర్లకు రూల్ పెట్టింది. 2025లో షాపుల్లో మిషన్లు పెట్టే కంపెనీలనూ ఆ చట్రంలోకి తెచ్చింది. కాబట్టి డబ్బు ఎగ్గొట్టి పారిపోతారన్న టెన్షన్ అక్కర్లేదు. ఆగిపోతుందన్న భయం మాత్రం ఉండాలి.

తెనాలిలో మా తోడల్లుడికి వెండి సామాన్ల కొట్టు ఉంది. ఇలాగే అరగంటలో వచ్చిన మిషన్ పెట్టుకున్నాడు. వరలక్ష్మీ వ్రతం ముందు వారం అమ్మకాలు ఒక్కసారి నాలుగింతలయ్యాయి. కంపెనీ కంప్యూటర్‌కి అనుమానం వచ్చి సెటిల్మెంట్, అంటే వాడి ఖాతాలో డబ్బు వేయడం, ఆపేసింది. బిల్లులు పంపమంటే వీడి బిల్లు పుస్తకం సగం ఖాళీ. ఫోన్ చేస్తే పాట వినిపించేది, మనిషి దొరికేవాడు కాదు. పదకొండు రోజులు. ఆ పదకొండు రోజులూ హోల్‌సేల్ వాడికి చెల్లించింది మా మరదలి గాజులు కుదువబెట్టి. ముప్పై ఏళ్లు బ్యాంకులో పనిచేసినవాణ్ణి, ఇంట్లోవాడికే చెప్పలేకపోయానని ఇప్పటికీ గుచ్చుకుంటుంది. బ్యాంకు మిషన్‌లోనూ డబ్బు ఆగొచ్చు, కాదనను. కానీ వెళ్లి అడగడానికి ఒక మేనేజరు, కూర్చోడానికి ఒక కుర్చీ ఉంటాయి.

లెక్క చూద్దాం. నెలకు క్రెడిట్ కార్డు అమ్మకాలు 40,000 అనుకుంటే బ్యాంకుకు 640, అద్దె 400, మొత్తం 1,040. కంపెనీకి 800. లక్ష అమ్మితే రెండూ 2,000 దగ్గర సమానం. లక్ష దాటితే బ్యాంకే చవక. ఈ కమీషన్, అద్దెల మీద వేసే 18 శాతం జీఎస్టీని మీరు ఇన్‌పుట్ క్రెడిట్‌గా, అంటే మీరు కట్టాల్సిన జీఎస్టీలో తగ్గించుకోవచ్చు, ఆ లెక్క మీ ఆడిటర్‌కి వదిలేయండి. మామూలు యూపీఐ మీద, రూపే డెబిట్ కార్డు మీద 2020 జనవరి నుంచి ఏ కమీషనూ లేదు. మిగతా డెబిట్ కార్డుల మీద, పోయిన ఆర్థిక సంవత్సరం టర్నోవర్ 20 లక్షలు దాటకపోతే మిషన్ దగ్గర 0.40 శాతానికి మించకూడదు. దాటితే 0.90. క్రెడిట్ కార్డుకు అలాంటి పరిమితి లేదు, కాబట్టి 1.6 దగ్గర ఇంకాస్త బేరమాడండి. చీరలమ్మేవాళ్లకు బేరం నేను నేర్పాలా!

నేనైతే షాపులోకి బ్యాంకు మిషన్ తీసుకుంటాను. పార్సిళ్లకు మాత్రం అగ్రిగేటర్ పేమెంట్ లింకు, అంటే కస్టమర్ ఫోన్‌కి పంపితే నొక్కి డబ్బు కట్టే లింకు. అక్కడ కార్డు మీ చేతికి రాదు కాబట్టి గొడవలెక్కువ. ‘నేను కొనలేదు’ అని కస్టమర్ తన బ్యాంకుకు చెబితే అది ఛార్జ్‌బ్యాక్, మీకొచ్చిన డబ్బు వెనక్కి లాగుతారు. కొరియర్ రసీదు, చీర ఫొటో, వాట్సాప్ మాటలు ఆర్నెల్లయినా దాచండి.

కమీషన్ కస్టమర్ మీద వేయడమా? డెబిట్ కార్డుకు వేయకూడదని రిజర్వ్ బ్యాంకు స్పష్టంగా చెప్పింది. క్రెడిట్ కార్డుకు బ్యాంకుతో మీరు సంతకం పెట్టే ఒప్పందం చదవండి, సాధారణంగా అందులోనూ ఒప్పుకోరు. ధరలోనే సర్దుకోండి. ఇంకోటి, తెలిసినవాళ్లెవరైనా ‘పాతికవేలు గీకి నగదు ఇవ్వక్కా’ అని వస్తారు. చీర లేని గీకుడుకు ఒప్పుకోకండి, మిషన్ లాగేసుకుంటారు.

మిషన్ వచ్చిన రోజే మీ సొంత కార్డుతో పది రూపాయలు గీకి, మెసేజ్‌లో షాపు పేరు ఎలా పడుతోందో చూడండి. మీ పేరో, కంపెనీ పేరో వస్తే వెంటనే మార్పించండి. చాలా ఛార్జ్‌బ్యాకులు కస్టమర్ ఆ పేరు గుర్తుపట్టలేకే వస్తాయి.