కమాన్ పట్టీ చెప్పినట్టు యాక్సిల్ వినాలి

ప్రశ్న: నా దగ్గర 1968 ఫోర్డ్ మస్టాంగ్ వీ-8 ఉంది. పాత వెనక యాక్సిల్ తీసేసి, జంక్‌యార్డులో దొరికిన ఫోర్డ్ ఎక్స్‌ప్లోరర్ 8.8 అంగుళాల యాక్సిల్ వేద్దామనుకుంటున్నా. వెడల్పు దాదాపు సరిపోయింది, చక్రాల బోల్టులూ అంతే, 4½ అంగుళాల వృత్తం మీద 5. కానీ కమాన్ పట్టీ (లీఫ్ స్ప్రింగ్) మీద కూర్చోవడం లేదు. ఏం మార్చాలి? - ఒక పాఠకుడు, డల్లాస్

జవాబు: మంచి యాక్సిలే ఎంచుకున్నారు. 1995-2001 మధ్య బండిదైతే డిస్క్ బ్రేకులు, 31 పళ్ల షాఫ్టులు దానితోనే వస్తాయి. యాక్సిల్ మధ్య గుండు కవర్ బోల్టు దగ్గర రేకు బిళ్ల ఉంటే చదవండి. 3L73 అని ఉంటే 3.73 గేరు నిష్పత్తి, లిమిటెడ్ స్లిప్ (ఒక చక్రమే జారి తిరగకుండా రెండిటికీ బలం పంచేది) అని అర్థం.

ఎక్స్‌ప్లోరర్ పట్టీల మధ్య దూరం వేరు. అందుకని దాని స్ప్రింగ్ సీట్లు, అంటే పట్టీ ఆనడానికి యాక్సిల్‌కు వెల్డు చేసిన పీటలు, మీకు పనికిరావు, కోసి తీసేయాల్సిందే. కోసే ముందు, పాత యాక్సిల్ ఇంకా బండికిందే ఉండగా మూడు కొలతలు రాసుకోండి: ఎడమ పట్టీ సెంటర్ బోల్టు (పట్టీ ఆకులన్నిటినీ కలిపి పట్టేది) నుంచి కుడి పట్టీ సెంటర్ బోల్టుకు దూరం, పట్టీ వెడల్పు, డ్రమ్ముల బయటి అంచుల మధ్య దూరం. పాత యాక్సిల్ ఊడదీశాక పట్టీలు అటూ ఇటూ ఊగుతుంటాయి, అప్పుడు తీసిన కొలతను నమ్మలేం.

గ్రైండర్‌తో కోసేటప్పుడు 2, 3 మిల్లీమీటర్లు మిగిల్చి, ఆ మిగిలింది రుద్ది చదును చేయండి. యాక్సిల్ ట్యూబులో గాడి పడితే అక్కడే పగులు మొదలవుతుంది. కొత్త సీట్లు 3¼ అంగుళాల ట్యూబుకు చేసినవే అడిగి తీసుకోండి. 3 అంగుళాల సీటు తెస్తే దాని రెండు అంచులే ట్యూబుకు ఆనుతాయి, మధ్యలో సందు మిగిలిపోతుంది. ఆ సందును వెల్డింగుతో పూడ్చేవాళ్లున్నారు, మీరు మాత్రం చేయించకండి.

యాక్సిల్‌ను పట్టీకి కట్టే యూ-బోల్టూ అంతే. ½ అంగుళం కడ్డీతో వంచిన యూ-బోల్టు 3 అంగుళాల ట్యూబుకైతే కాళ్ల మధ్య దూరం, సెంటర్ నుంచి సెంటర్‌కు, 3½ అంగుళాలు. 3¼ ట్యూబుకు 3¾. కాబట్టి 3 అంగుళాల ట్యూబుకు చేసిన కింది ప్లేటులో కొత్త బోల్టు దిగదు. రంధ్రాన్ని ఆకురాయితో సాగదీసి దూర్చవద్దు, 3¼ ట్యూబుకు సరిపోయే ప్లేట్లు విడిగా అమ్ముతారు. షాక్ అబ్జార్బర్ కింది కొన పట్టుకునేది కూడా ఆ ప్లేటునే అని మర్చిపోకండి.

ఇక సెంటర్ బోల్టు తల. అది సీటు మధ్య రంధ్రంలో పెద్ద ఆట లేకుండా కూర్చోవాలి. యాక్సిల్ ముందుకూ వెనక్కూ జరగకుండా చోటు పట్టి ఉంచేది ఆ తలే, యూ-బోల్టులు బిగించి ఉంచుతాయంతే. రంధ్రం పెద్దదైతే లేత్ మీద చిన్న బుష్ తిప్పించి వేయండి. ఇది వదిలేస్తే గట్టిగా బ్రేకు వేసిన రోజు బండి ఒక పక్కకు లాగుతుంది, మీరు కాలిపర్ల మీద అనుమానపడి వారం వృథా చేస్తారు.

సీట్లను వెంటనే పూర్తిగా వెల్డు చేయకండి. వదులుగా పెట్టి, బండి బరువంతా చక్రాల మీదికి దించి, పీనియన్ (ప్రొపెల్లర్ షాఫ్టు వచ్చి కలిసే గేరు) కోణం సరిచూసి, రెండు మూడు చోట్ల వెల్డు చుక్క పెట్టండి. తర్వాత యాక్సిల్ దించి, లోపలి షాఫ్టులు, సీళ్లు తీసేసి, ఒక్కో అంగుళం చొప్పున ఎడమకోసారి కుడికోసారి వెల్డు వేయండి. ఒకే ఊపులో లాగితే ట్యూబు వంగుతుంది, వంగిన ట్యూబులో బేరింగూ సీలూ నిలవవు. ఎర్త్ క్లాంపు ట్యూబుకే పెట్టాలి, కరెంటు బేరింగు గుండా పోకూడదు. సీటు పొడుగు అంచుల వెంబడి వేస్తే చాలు, ట్యూబు చుట్టూరా వేయనక్కర్లేదు.

పీనియన్ సుమారు 2 అంగుళాలు కుడికి జరిగి ఉంటుంది. కంగారు పడకండి, ప్రొపెల్లర్ షాఫ్టు టన్నెల్‌కు తగలకపోతే అలాగే నడుస్తుంది. డ్రమ్ బ్రేకుల మాస్టర్ సిలిండరు ఉంచుకుంటుంటే మాత్రం వెనక లైనులో 10 పీఎస్ఐ రెసిడ్యువల్ వాల్వు (పెడల్ వదిలాక కూడా లైనులో కొంత ఒత్తిడి నిలిపి ఉంచేది) ఉందేమో చూసి తీసేయించండి. లేకుంటే ప్యాడ్లు డిస్కును వదలవు.

ప్రశ్న: పాత మహీంద్రా జీపుకు వేరే యాక్సిల్ వేయించాం. యాక్సిలేటర్ తొక్కితే అదురుతోంది, వదిలేస్తే తగ్గుతోంది. షాఫ్టు బ్యాలెన్సు చేయించినా అంతే. - ఒక పాఠకుడు, భీమవరం

జవాబు: అదురు తొక్కుడును బట్టి మారుతోందంటే తప్పు షాఫ్టుది కాదు, పీనియన్ కోణానిది. వేగాన్ని బట్టే వస్తే బ్యాలెన్సును అనుమానించాలి. బండి సమతలం మీద ఉంచి, షాఫ్టు రెండు కొసలూ బిగిసే ఫ్లాంజుల కోణాలు తీయండి. ట్రాన్స్‌ఫర్ కేసు (గేరుబాక్సు వెనక, షాఫ్టుకు బలం అందించే పెట్టె) ఫ్లాంజు వెనక్కి, కిందికి 4 డిగ్రీలు వాలి ఉంటే, పీనియన్ ముందుకు, పైకి 4 డిగ్రీలు ఉన్నప్పుడు రెండూ సమాంతరం. కానీ తొక్కినప్పుడు కమాన్ పట్టీ మెలితిరిగి పీనియన్ పైకి లేస్తుంది. అందుకని 2 తగ్గించి, 2 దగ్గర పెట్టండి.

2, 3 డిగ్రీల తేడాకైతే ఆప్పు, అంటే వాలు షిమ్ము, చాలు. ఇనుముదే వేయండి, అల్యూమినియంది నలిగిపోయి యూ-బోల్టులు వదులవుతాయి. ఆప్పు తిరగేసి పెట్టేయడం చాలామంది చేసే పొరపాటు. పాత జీపుల్లోలాగా పట్టీ యాక్సిల్ కింద ఉంటే, పీనియన్ పైకెత్తడానికి ఆప్పు మందపు వైపు ముందుకు ఉండాలి. పట్టీని యాక్సిల్ మీదికి మార్పించి ఉంటే మందపు వైపు వెనక్కి. 4 డిగ్రీలు దాటితే సీటు కోసి మళ్లీ వెల్డు చేయించడమే నయం. షాఫ్టు రెండు కొసల ఫోర్కులు ఒకే వరసలో ఉన్నాయో లేదో కూడా చూడండి. స్లిప్ జాయింటు, అంటే షాఫ్టు పొడవు సాగే పళ్ల కీలు, ఒక పన్ను తప్పి ఎక్కినా ఇదే అదురు.

ప్రశ్న: యూ-బోల్టులు బాగానే ఉన్నాయి. మళ్లీ వాడొచ్చా? - ఒక పాఠకుడు, విజయవాడ

జవాబు: వాడకండి. ఒకసారి బిగించిన యూ-బోల్టు మర సాగి ఉంటుంది, రెండోసారి అంతే పట్టు రాదు. మీకు ఆటోనగర్ పక్కనే ఉంది, వంచి ఇస్తారు. అయితే గ్యాస్‌తో ఎర్రగా కాల్చి వంచినది వద్దు, ఉక్కు బలం పోతుంది. నట్టు దాటి మూడు మరలు మిగిలేలా పొడవు చెప్పండి. నాలుగు నట్లూ మూలకు మూల, కొంచెం కొంచెంగా, బండి మాన్యువల్‌లోని టార్కుకు బిగించి, 100 కిలోమీటర్లు నడిచాక ఒకసారి, 500 నడిచాక మరోసారి చూడండి. మొదటిసారి తప్పకుండా పావు చుట్టైనా తిరుగుతాయి.