నీళ్లలో వేసిన కంపోస్టబుల్ కప్పు ఎందుకు కుళ్లలేదు?

ప్రశ్న: ‘కంపోస్టబుల్’ (కంపోస్టు ఎరువుగా మారేది) అని ముద్ర ఉన్న పీఎల్ఏ (మొక్కల చక్కెరల నుంచి చేసే ప్లాస్టిక్) కప్పు ముక్కనూ, మామూలు పాలిథిన్ కవరు ముక్కనూ చెరువు నీళ్లు పోసిన సీసాలో వేసి, ఆరు నెలలు నీడలో ఉంచాను. రెండూ అలాగే ఉన్నాయి. ముద్ర అబద్ధమా? పరీక్షలోనే తప్పుందా?

జవాబు: అబద్ధం కాదు. కాకపోతే ఆ మాట కంపోస్టు కుప్పకే గాని చెరువుకు చెల్లదు. ఇలాంటి ముద్రలకు ఆధారమైన ఐరోపా ప్రమాణం ఈఎన్ 13432 ప్రకారం, పారిశ్రామిక కంపోస్టులో 12 వారాలున్న సరుకును 2 మిల్లీమీటర్ల జల్లెడ పడితే పైన పదో వంతుకు మించి మిగలకూడదు. అక్కడి వేడి సుమారు 58 డిగ్రీలు. కిటుకంతా ఆ వేడిలోనే ఉంది. పీఎల్ఏలోని పొడవాటి అణువుల గొలుసులను ముందు నీరు తెంపాలి, ఆ తెగిన పొట్టి ముక్కలనే సూక్ష్మజీవులు తింటాయి. 55-60 డిగ్రీలకు దిగువన ఆ గొలుసులు బిగుసుకుని ఉంటాయి, నీరు లోపలికి సరిగా దూరదు.

పాలిథిన్ సంగతి వేరు. దాని వెన్నెముక అంతా కార్బన్-కార్బన్ బంధాలే, వాటిని నీరు తెంపలేదు. ఎండలోని అతినీలలోహిత కిరణాలు తగిలితే పెళుసెక్కి, పగిలి, 5 మిల్లీమీటర్ల లోపు తునకలవుతుంది. దాన్ని కుళ్లడం అనరు. మీ సీసా నీడలో ఉంది కాబట్టి అదీ జరగలేదు. నీళ్లలో నిజంగా కుళ్లేవాటిలో చెప్పుకోదగ్గది పీహెచ్ఏ అనే ప్లాస్టిక్. బ్యాక్టీరియా తిండి నిల్వగా దాచుకునే పదార్థమే అది, కనుక దాన్ని అరిగించే ఎంజైములు నీటిలోని సూక్ష్మజీవులకు ఉన్నాయి.

పరీక్ష మళ్లీ చేస్తే పూత లేని వడపోత కాగితం ముక్కను కూడా వెయ్యండి. అది కుళ్లకపోతే నీళ్లలో జీవం లేనట్టే, మిగతా ఫలితాలు లెక్కలోకి రావు. లీటరు నీటికి ఒక చెంచా చెరువు అడుగు బురద కలపండి. మూత బిగించకండి, గాలి ఆడాలి. పాలిథిన్ తేలుతుంది, పీఎల్ఏ మునుగుతుంది. అందుకే అన్నిటినీ గాజుపూసకు కట్టి ఒకే లోతులో ఉంచండి.

ఎంత కుళ్లిందో బరువు తగ్గుదలను బట్టి చూసే తూకంలోనే చాలామంది బోల్తా పడతారు. ముక్కకు పట్టిన జిగురు పాకుడుతో బరువు తగ్గకపోగా పెరుగుతుంది. మెత్తగా కడిగి, రెండు రోజులు ఆరబెట్టి, 0.01 గ్రాము చూపే త్రాసు మీదే తూచండి. పిండిపదార్థం కలిపిన పాలిథిన్ కవరైతే ఇంకో చిక్కుంది: పిండి పోయి బరువు తగ్గుతుంది, పాలిథిన్ మాత్రం చిల్లుల జల్లెడలా మిగిలే ఉంటుంది.