క్వారీలో సినిమా తీయబోతున్న మేనకోడలికి

చిరంజీవి స్రవంతికి,

మామయ్య ఆశీస్సులు. రోమ్‌లో నీ కోర్సు అయ్యేలోపు నలుగురు స్నేహితులతో కలిసి ఊరి బయట పాడుబడ్డ క్వారీలో పన్నెండు నిమిషాల సినిమా తీస్తున్నావని మీ అమ్మ ఫోన్‌లో చెప్పింది. అణుయుద్ధం అయిపోయాక మిగిలిన మనుషుల కథట, ఎనభైల్లో ఇటలీవాళ్ళు చవగ్గా తీసిన యాక్షన్ సినిమాల ఫక్కీలో. ఆ మాటకి ఎంత పొంగిపోయానో చెప్పలేను. ఆ వెంటనే "చివర్లో పాత కారు పేల్చేస్తారట" అంది. అప్పట్నుంచి మనసు మనసులో లేదు.

పర్మిషన్, ఇన్సూరెన్స్, దగ్గర్లో ఆసుపత్రి ఎక్కడుందో చూసుకోవడం నీకు చెప్పక్కర్లేదు. క్వారీ యజమాని ఒప్పుకోలు మాత్రం నోటిమాటగా కాక రాతలో తీసుకో.

ముందు ఆ సినిమాల నుంచి ఏం తీసుకోవాలో చెప్తాను. 1981లో 'మ్యాడ్ మ్యాక్స్ 2', 'ఎస్కేప్ ఫ్రమ్ న్యూయార్క్' ఆడేసరికి రోమ్ నిర్మాతలు ఆ దారి పట్టారు. 1982లో ఎంజో కాస్తెల్లారి '1990: ది బ్రాంక్స్ వారియర్స్' తీశాడు. మరుసటి ఏడాదికల్లా ఆయనదే 'ది న్యూ బార్బేరియన్స్', సెర్జియో మార్తీనో తీసిన '2019: ఆఫ్టర్ ద ఫాల్ ఆఫ్ న్యూయార్క్', జో దమాతో తీసిన 'ఎండ్‌గేమ్' వరసగా వచ్చాయి. మన బొంబాయి నటి పర్సిస్ ఖంబాటా కూడా ఆ వరసలో 'వారియర్ ఆఫ్ ద లాస్ట్ వరల్డ్'లో వేసింది, దాన్ని నువ్వున్న రోమ్‌లోనే తీశారు. వీటిని చూసి నవ్వేవాళ్ళుంటారు. వాళ్ళ మాట పట్టించుకోకు. సెట్టు వెయ్యడానికి డబ్బు లేనప్పుడు ఎక్కడ ఖర్చు పెట్టాలో, ఎక్కడ పెట్టక్కర్లేదో ఆ యూనిట్లకు బాగా తెలుసు.

'బ్రాంక్స్ వారియర్స్'నే చూడు. వీధులు నిజమైన బ్రాంక్స్‌వి, లోపలి సీన్లు రోమ్‌వి. ముఠాలు చాలా ఉన్నా ఏ ముఠాతో ఏ ముఠానీ పొరబడవు. ఒకళ్ళు చక్రాల బూట్ల మీద హాకీ కర్రలతో వస్తారు, ఇంకొకళ్ళు వెండిరంగు పూసుకుని నాట్యగాళ్ళలా నడుస్తారు, హీరో ముఠా బైకుల మీద పుర్రెలుంటాయి. ముఠాకి ఒక్క గుర్తు, అదీ దూరం నుంచే కనపడేది. నీకున్నది ఆరుగురు నటులైతే వాళ్ళే రెండు ముఠాలూ వెయ్యొచ్చు. ముఖం కప్పే ముసుగు ఒక జట్టుకి, తెల్ల భుజకవచం రెండో జట్టుకి. ముఖాలు కనిపించే ఇద్దర్ని మాత్రం జట్టు మార్చకు.

కవచాలకి ఈవీఏ ఫోమ్ (రబ్బరులా వంగే తేలికపాటి షీటు) తీసుకో, 10 మిల్లీమీటర్లది భుజాలకి, 5ది చేతులకి. పాత హాకీ ప్యాడ్లు దొరికితే ఇంకా మేలు. జిగురు గాలి ఆడేచోట రాయండి. రంగు వేశాక గరుకు కాగితంతో అంచులు గీకి, టీ డికాక్షన్ అద్ది, పైన ముల్తానీ మట్టి చల్లితే కొత్తదనం పోతుంది. జూన్ ఎండలో ఫోమ్ లోపల ఒళ్ళు ఉడికిపోతుంది. ఇరవై నిమిషాలకోసారి విప్పించి నీడకి పంపు. మనిషికి రోజుకి నాలుగు లీటర్ల నీళ్ళు తక్కువ కాకుండా చూడు.

కార్ల సంగతి. రేకులు, ప్లాస్టిక్ గుమ్మటాలు తగిలించేటప్పుడు కారు ముందుండే జాలీని మూయకండి. రేడియేటర్‌కి గాలి అందకపోతే నెమ్మదిగా నడిపే షాట్లలోనే ఇంజను వేడెక్కి ఆగిపోతుంది. డ్రైవర్‌కి ఎదురుగా, రెండు పక్కలా చూపు తెరిచి ఉండాలి. బైకు హ్యాండిల్‌కి బరువైన అలంకారం కట్టకు, నెమ్మదిగా తిప్పేటప్పుడు పడిపోతుంది. థర్మాకోల్ చెక్కి రంగేస్తే చాలు. వేగం కోసం యాక్సిలరేటర్ తొక్కించకు. సినిమా సెకనుకి 25 ఫ్రేములైతే ఆ షాట్‌ని 20లో తియ్యి. 40 కిలోమీటర్ల వేగం తెర మీద 50లా కనిపిస్తుంది. 18 కన్నా కిందికి దిగితే ఎగిరే దుమ్ము, అటూ ఇటూ నడిచే మనుషులు గుట్టు బయటపెట్టేస్తారు. అలాంటి షాట్‌లో నడిచేవాళ్ళెవరూ లేకుండా చూసుకో.

కూలిన నగరం మినియేచర్ చేస్తే లెక్క ఇది: ఎన్నో వంతు బొమ్మో ఆ సంఖ్యకి వర్గమూలం తీసి, ఫ్రేముల్ని అన్ని రెట్లు చెయ్యాలి. పదహారో వంతు బొమ్మకి నాలుగు రెట్లు, అంటే 100 ఫ్రేములు. తొమ్మిదో వంతుకి 75. లేకపోతే రాలే గోడ అట్టముక్కలా పడుతుంది. 100కి వెళ్తే వెలుతురు రెండు స్టాపులు, అంటే నాలుగో వంతుకి తగ్గుతుంది, పైగా బొమ్మంతా ఫోకస్‌లో ఉండాలంటే లెన్సు రంధ్రం చిన్నది చేసి ఎఫ్ 11 అయినా పెట్టాలి. కాబట్టి గదిలో లైట్ల కింద కుస్తీ పట్టకుండా మిట్టమధ్యాహ్నం ఆరుబయట తియ్యి. పదహారో వంతు బొమ్మలో మనిషి కంటి ఎత్తు పది సెంటీమీటర్లు. కెమెరా అక్కడే ఉండాలి. మంటా నీళ్ళూ మాత్రం ఎంత లెక్క వేసినా చిన్నవిగానే కనపడతాయి, వాటి జోలికి పోకు.

మాటల విషయంలో మన పాత తెలుగు సినిమాలకీ ఆ ఇటలీ సినిమాలకీ పోలిక ఉంది. ఇక్కడా పైలట్ ట్రాక్ (సెట్లో గుర్తు కోసం పట్టుకున్న మాటలు) పెట్టుకుని తర్వాత డబ్బింగ్ చెప్పించేవాళ్ళు, అక్కడా అంతే. సెట్లో అమెరికా నటుడు ఇంగ్లీషులో, రోమ్ నటుడు ఇటాలియన్‌లో మాట్లాడేసేవారు. అయితే తర్వాత కలపొచ్చు కదా అని సెట్లో శబ్దాన్ని గాలికొదిలేస్తే, నటుడు ఆ ఊపిరితో ఆ మాట మళ్ళీ అనలేడు. షాట్ ఓకే అవగానే అతన్ని కారులో కూచోబెట్టి, అద్దాలు మూసి, అదే వేడి మీద డైలాగు మూడుసార్లు చెప్పించి రికార్డు చెయ్యి. ప్రతి చోటా ఒక నిమిషం ఉత్త నిశ్శబ్దం పట్టుకో. ఇంజను ఊరికే తిరిగేది, రేజ్ చేసింది, పక్కనుంచి దూసుకుపోయేది విడివిడిగా తీసుకో. మామూలు కారు శబ్దం కింద గ్రైండర్ మోత కలిపితే ఆ కారు ఏ కాలందో ఎవరికీ తెలీదు.

ఇప్పుడు పేలుడు.

'బ్రాంక్స్ వారియర్స్'లో ముఠాలను వేటాడే పోలీసు హ్యామర్‌గా వేసినాయన విక్ మారో. అదే 1982లో, జులై 23 తెల్లవారుజామున రెండు దాటాక, కాలిఫోర్నియాలో ఇండియన్ డ్యూన్స్ అనే చోట వేరే హాలీవుడ్ సినిమా షూటింగ్‌లో చనిపోయాడు. వియత్నాం యుద్ధం సీను. ఆయన ఇద్దరు పిల్లల్ని చెరో చంకలో పెట్టుకుని నది దాటాలి, పైన హెలికాప్టర్ తరమాలి, చుట్టూ పేలుళ్ళు. హెలికాప్టర్ నేలకి పాతిక అడుగుల ఎత్తున ఎగురుతోంది. పేలుడు దాని తోక రోటర్‌ని దెబ్బతీసింది. అది అదుపు తప్పి ఆ ముగ్గురి మీదే పడింది. పిల్లల్లో ఒకరికి ఏడేళ్ళు, ఒకరికి ఆరు. పర్మిట్ లేకుండా, పిల్లలతో పనిచేయించకూడని వేళలో వాళ్ళని తెచ్చారు. దర్శకుడితో కలిపి అయిదుగురి మీద కేసు నడిచింది, 1987లో జ్యూరీ అందర్నీ నిర్దోషులని తేల్చింది.

ప్రమాదం మీద విచారణ జరిపిన అమెరికా రవాణా భద్రతా బోర్డు చెప్పిన కారణం నువ్వు రెండుసార్లు చదవాలి. శకలాలతో, తీవ్రమైన వేడితో లేచే పేలుళ్ళు తక్కువ ఎత్తులో ఉన్న హెలికాప్టర్‌కి మరీ దగ్గరగా జరిగాయి. ఎందుకు జరిగాయంటే, హెలికాప్టర్ నడిపే పైలట్‌కీ షూటింగ్ నడిపే దర్శకుడికీ మధ్య నేరుగా మాటా సమన్వయమూ లేవు. అది అనుభవం లేనివాళ్ళ యూనిట్ కాదు, డబ్బు లేక కక్కుర్తి పడ్డ యూనిట్ కూడా కాదు తల్లీ. ఎవరి పని వాళ్ళు చేస్తూనే ఉన్నారు. మధ్యలో "ఆగండి" అనే మాట చేరాల్సిన చోటికి చేరే దారి లేదు.

నీ యూనిట్‌లో ఆ దారి ముందు వెయ్యి. ప్రమాదం ఉన్న ప్రతి షాట్‌కీ ఆపేవాడు ఒకడుండాలి, అతను దర్శకుడు కాకూడదు, కెమెరా పట్టినవాడూ కాకూడదు. ఆ మనిషికి ఆ షాట్‌లో ఇంకే పనీ చెప్పకు. అతను అటు డ్రైవర్‌నీ ఇటు నటుణ్ణీ ఇద్దర్నీ చూడగలిగే చోట నిలబడాలి. వాకీటాకీ ఉన్నా చేతిలో ఎర్రగుడ్డ ఉంచు, క్వారీ గోడలకి మాట ప్రతిధ్వనించి అర్థం కాకుండా పోతుంది. "స్టాప్" అని ఎవరైనా, టీ ఇచ్చే కుర్రాడైనా అరవొచ్చు. అరిచాక ఎందుకు అరిచావని కసరకు. రిహార్సల్‌లో అనుకున్న దూరాన్ని టేక్‌లో మార్చకు. మార్చాలనిపిస్తే మళ్ళీ మొదటి నుంచి రిహార్సల్ చెయ్యండి. రాత్రి షూటింగ్ వద్దు, అలిసిపోయినప్పుడు ఇవన్నీ ముందు మర్చిపోతాం. రాత్రి సీను పగలే తియ్యి: సూర్యుడు నటుడి వెనక, ఆకాశం ఫ్రేములో లేకుండా, రెండు స్టాపులు తక్కువగా. పసిపిల్లల పాత్ర ఉంటే కథ మార్చేసుకో.

ఇక ఆ కారుని పెట్రోలు పోసి మీరే అంటించే ఆలోచన ఉంటే ఈ క్షణమే మానుకో. పెట్రోలు ఆవిరి గాలి కన్నా బరువు. క్వారీ గుంటలో గాలి ఆడదు కాబట్టి అది నేలబారున పరుచుకుని మీరు నిలబడ్డ చోటికి వచ్చేస్తుంది. మంట అంటేది కారుకి కాదు, మీ కాళ్ళకి. గ్యాస్ సిలిండరైనా అంతే. నిజమైన పేలుడే కావాలంటే ఇటలీలో దానికి లైసెన్సు ఉన్న మనిషి ఉంటాడు, ఫొకీనో అంటారు. అతన్ని పెట్టుకునే డబ్బు లేకపోతే ఆ షాట్ లేదు. తుపాకుల్లో ఉత్త తూటాలు (గుండు లేకుండా చప్పుడు చేసేవి) కూడా పెట్టకండి. రబ్బరు తుపాకీ పట్టించి మెరుపు తర్వాత వేసుకో.

పేల్చకుండానే పేలిందనిపించడం ఇలా. నటుడి ముఖం మీద రెండు ఫ్రేముల పాటు కాషాయం లైటు కొట్టు. పన్నెండు ఫ్రేములకి కట్ చేసి, అతను మెత్తటి పరుపు మీదికి దూకేది వెనకనుంచి చూపించు. మూడో షాట్‌లో ఆకులు ఊదే యంత్రంతో రెండు కిలోల ముల్తానీ మట్టి, నల్లరంగు పూసిన ఫోమ్ ముక్కలు లేపి 75 ఫ్రేముల్లో తియ్యి. చివర్లో అదే చోట పొగ యంత్రం, మసి పూసిన బానెట్. మంటని ఎడిటింగ్‌లో కలుపుకోవచ్చు. అడుగునుంచి వచ్చే దబ్బుమనే శబ్దం సరిగ్గా పడితే ఎవరికీ అనుమానం రాదు. ఇది పిరికితనం కాదమ్మా, సినిమా అంటేనే ఇది.

ధూళి లేపే షాట్లకి అందరూ సన్న ధూళిని ఆపే ఎఫ్ఎఫ్‌పీ2 మాస్కులు వేసుకోవాలి, నటులు టేక్ అవగానే వేసుకోవాలి. రాతిధూళిలో సిలికా ఉంటుంది, అది ఊపిరితిత్తుల్లో చేరితే బయటికి రాదు. నేలమీద ముందు నీళ్ళు చల్లించి, ఫ్రేములో ఉన్న మేరకే మట్టి ఎగరెయ్యి. క్వారీ గోడ ఎంత ఎత్తుందో కనీసం అంత దూరంలో టెంటు వెయ్యండి. పై అంచుకి అయిదు మీటర్ల ఇవతల తాడు కట్టి, దాన్ని ఎవర్నీ దాటనివ్వకు. వాన పడిన మర్నాడు షూటింగ్ పెట్టుకోవద్దు, తడిసి ఆరే రాయి రాలుతుంది.

అరిచినట్టు రాశానేమో, కోపం కాదు. నువ్వు బాగా తీస్తావని నాకు నమ్మకం, అందుకే ఇంత రాశాను. రానూపోనూ బస్సు ఖర్చులకి, ఫోమ్‌కి నేను డబ్బు పంపుతాను, మీ అమ్మని అడక్కు. ఆ కారు సీను షాట్లవారీగా కాగితం మీద వేసి, ఎవరెక్కడ నిలబడతారో బొమ్మ గీసి, షూటింగ్‌కి వారం ముందు నాకు పంపించు. ఆపే మనిషి పేరు కూడా అందులో రాయి.

మీ మామయ్య