బీరువాలు ఎంత సర్దినా నెల తిరిగేసరికి మళ్ళీ నిండిపోతున్నాయి. మీరెలా సర్దుకుంటారు?

రెండు బీరువాలు, గోడ నిండా కబోర్డులు ఉండి కూడా తలుపు తీస్తే బట్టలు మీద పడుతున్నాయి, ఏ ఆర్గనైజర్లు కొనమంటారు అని అడిగారు. ఏవీ కొనకండి. ఆ డబ్బాలు, జిప్పు సంచులు కొంటే వాటికి ఇంకో అర కావాలి. మీ బీరువా మీ బట్టలతో నిండలేదని చూడకుండానే చెప్పగలను. పెట్టుబడి బట్టలతో, అంటే శుభకార్యాలకి వాళ్ళూ వీళ్ళూ పెట్టినవాటితో నిండింది.

మొన్న సంక్రాంతికి తెనాలిలో మా అత్తయ్యగారి గది సర్దాం. భోగి మంటలో వెయ్యడానికి సజ్జ మీంచి విరిగిన కుర్చీ, పాత పీటలు దించుతున్నాం. ఎలాగూ దుమ్ము పట్టాం కదా, బీరువా కూడా చూసేద్దాం అన్నాను. "తాళం కనబడట్లేదమ్మాయ్" అన్నారావిడ. తాళంచెవి ఆవిడ బొడ్లోనే ఉంది!

పాత గోద్రెజ్ బీరువా. ఆవిడ కట్టుకునే చీరలన్నీ కలిపి ఒక్క అర. మిగతావాటి నిండా జాకెట్టు ముక్కలే. పేరంటాల్లో, వరలక్ష్మీ వ్రతాల్లో తాంబూలంతో చేతిలో పెట్టినవి. ఒక్కోటి 80 సెంటీమీటర్లు. మోచేతుల దాకా చేతులు కావాలంటే చాలదు, పైగా లైనింగు వేరే కొనాలి. ఏ టైలరూ దాన్ని ముట్టుకోడు. కాబట్టి కుట్టించుకోం, పారెయ్యం, ఇంకొకరికి పెట్టేస్తాం. ఆ ముక్కని మీటరు చేస్తే తెలుగువాళ్ళ బీరువాలు సగం ఖాళీ అవుతాయని నా గట్టి నమ్మకం. ఇచ్చేవాళ్ళు వింటేగా.

వాటి కిందనుంచి చీరల కవర్లు తీశాను. ప్రతి కవర్లోనూ ఒక చీటీ. "పెద్దాడపడుచు, గృహప్రవేశం." "గుంటూరు పిన్ని, మనవడి ఒడుగు." క్యాలెండరు కాగితాలు చింపి రాసినవి.

"ఇవేంటత్తయ్యా?"

"ఎవరిచ్చింది మళ్ళీ వాళ్ళకే పెట్టామనుకో, పరువు దక్కుతుందా?"

ఒక కవరు తీసి కాసేపు చూసి పక్కన పెట్టారు. "ఈవిడ పోయింది. ఇంక ఇది ఎవరికైనా పెట్టచ్చు."

నవ్వాను కానీ, ఆ ఇంట్లో ఏ వస్తువు ఎక్కణ్ణుంచి వచ్చిందో, ఎందుకుందో రాసిపెట్టి ఉన్నది ఆ ఒక్క అరలోనే. అందుకే మీరడిగినదానికి నా జవాబు చీటీ. మేం హైదరాబాదు రాగానే బెడ్‌షీట్ల కట్టకి, గాజు గ్లాసుల పెట్టెకి, విప్పని కుక్కరుకి, అన్నిటికీ వచ్చిన ఏడాది వేసి అంటించాం. రెండు భోగులు దాటినా విప్పలేదా, బయటికే. మా ఆయన క్రికెట్ కిట్‌కి కూడా మినహాయింపు లేదు.

బయటికంటే పాత బట్టలకి స్టీలు సామాన్లిచ్చే ఆవిడకి కాదు. చీరలు పోతాయి, గిన్నె వస్తుంది, అది మళ్ళీ సజ్జెక్కుతుంది. భోగి మంటలోకీ కాదు. మా అపార్ట్‌మెంట్లో అంతకుముందు ఏడాది భోగికి పాలిస్టరు చీరలు, ప్లాస్టిక్ కుర్చీలు, ఆఖరికి టైరు కూడా వేశారు. అడిగితే సంప్రదాయం అన్నారు. టైరు ఏ కాలం సంప్రదాయమో! పనికొచ్చేవి అడిగి, కావాలన్నవాళ్ళకే ఇవ్వండి. చిరిగినవి మాత్రం ఇవ్వకండి, అది మరీ అన్యాయం.

పట్టుచీరల సంగతి కూడా అడిగారు. జరీ లోపలికి వచ్చేలా మడిచి, పాత నూలు పంచెలో చుట్టండి. ప్లాస్టిక్ కవర్లో తేమ చేరి జరీ నల్లబడుతుంది. ఏడాదికి రెండు మూడుసార్లు విప్పి మడతలు మార్చండి, లేకపోతే మడత దగ్గరే చీలుతుంది. ఇనుప హ్యాంగరు వద్దు, తుప్పు మరక పోదు. కలరా ఉండలు జరీకి తగలకూడదు. పసిపిల్లలున్న ఇంట్లో అయితే అసలే వద్దు. జీ-సిక్స్-పీడీ అనే ఎంజైము పుట్టుకతోనే తక్కువగా ఉన్న పిల్లలకి వాటివల్ల ఎర్ర రక్తకణాలు పగిలిపోతాయి. వాటి బదులు వేపాకులు ఎండబెట్టి గుడ్డలో కట్టి పెట్టండి, ఊరికే దొరుకుతాయి.

ఇంకొకటి, మీరు అడగకపోయినా చెప్తాను. కింద స్టోరేజీ ఉన్న మంచం కొనకండి. షోరూములో ఒక్క వేలితో పైకి లేపి చూపిస్తారు, ఇంటికొచ్చి పరుపు వేశాక ఇద్దరు పట్టినా లేవదు. మా మరిది పెళ్ళికి వచ్చిన డిన్నర్ సెట్టు ఇప్పటికీ అందులోనే ఉంది. దాని మీద చీటీ అంటించాలన్నా ముందు పరుపు ఎత్తాలి, పరుపు ఎత్తాలంటే ఆదివారం మధ్యాహ్నం మా ఆయన లేవాలి.