యూటీ గేజి అంకెను అనుమానించు

చి. వాసుకి,

చెన్నై దగ్గర మణలి రిఫైనరీలో ఇన్‌స్పెక్షన్‌లో పడ్డావని మీ అమ్మ చెప్పింది. సంతోషం. అరవం మెల్లగా వస్తుందిలే, ముందు యూటీ గేజి (అల్ట్రాసోనిక్ శబ్దంతో పైపు గోడ మందం కొలిచే పరికరం) చూపించే అంకెను అనుమానించడం అలవాటు చేసుకో.

ఉక్కు వేడెక్కితే అందులో శబ్దం నెమ్మదిస్తుంది. అందుకని వేడి లైను మీద మందం ఉన్నదానికంటే ఎక్కువ కనిపిస్తుంది, ప్రతి 55 డిగ్రీలకూ సుమారు ఒక శాతం. 25 డిగ్రీల స్టెప్ బ్లాకు (తెలిసిన మందాల మెట్లున్న ఉక్కు దిమ్మె) మీద కాలిబ్రేట్ చేసి 300 డిగ్రీల పైపు మీద పెడితే 6.0 మి.మీ. గోడ 6.3 అంటుంది. పెయింటు ఉంటే దాని మందం కలవకుండా ఎకో-టు-ఎకో మోడ్ (వరస ప్రతిధ్వనుల మధ్య సమయాన్ని కొలిచేది) పెట్టించు. లోపల మరీ పల్చబడితే డ్యూయల్ ప్రోబు (శబ్దం పంపే భాగం, అందుకునే భాగం వేరుగా ఉన్నది) 1.2 మి.మీ.ని 2.4 అనేస్తుంది. కిందటిసారి కంటే రీడింగు పెరిగిందా? లోహం పెరగదు. మళ్ళీ కొలిపించు, ప్రతిధ్వనుల గీత కనిపించే ఏ-స్కాన్ తెరను నువ్వే చూడు.

లెక్క తేలికే. ఐదేళ్ళలో 7.2 నుంచి 6.2కి వస్తే ఏడాదికి 0.2 మి.మీ. కనీస మందం 4.0 అయితే మిగిలిన ఆయుష్షు 11 ఏళ్ళు, అందులో సగం లోపలే మళ్ళీ కొలవాలి. మొదటి నుంచీ చూసిన రేటు, ఈమధ్య రేటు రెండూ వేసి, సాధారణంగా పెద్దదాన్నే పట్టుకో. క్రూడు మారినప్పుడు పాత రేటును నమ్మకు.

ఇక ఎక్కడ కొలవాలన్నదే అసలు విద్య. క్రూడ్ కాలమ్ ఓవర్‌హెడ్‌లో (ముడి చమురును వేరుచేసే కాలమ్ పైనుంచి ఆవిరి వెళ్ళే లైనులో) లోహాన్ని తినేది హైడ్రోక్లోరిక్ ఆమ్లం. నీటి మొదటి చుక్క పుట్టే చోట అది ఘోరంగా ఉంటుంది. ఈఆర్ ప్రోబు (విద్యుత్ నిరోధం మారడాన్ని బట్టి తుప్పు కొలిచేది) ఆ చోటికి ముందే పొడి ఆవిరిలో ఉంటే ఏళ్ళ తరబడి గీత తిన్నగా వస్తుంది, అందరూ హాయిగా ఉంటారు, కింద ఎల్బో (పైపు వంపు) చిల్లు పడుతుంది. బూట్ వాటర్‌లో (ఓవర్‌హెడ్ డ్రమ్ము అడుగున చేరే నీటిలో) పీహెచ్, క్లోరైడు, ఐరన్ మూడూ ఒకే పట్టికలో వేసి చూడు. వాష్ వాటర్ (లైను కడగడానికి వదిలే నీరు) ఇంజెక్షన్ పాయింటుకు ఎగువన 12 అంగుళాలు లేదా పైపు వ్యాసానికి మూడింతలు, ఏది ఎక్కువైతే అంత మేర నుంచే దాని సర్క్యూట్ (ఒకటిగా తనిఖీ చేసే పైపు భాగం) మొదలవుతుంది. అక్కడ రెండు తనిఖీల మధ్య మూడేళ్ళు దాటనివ్వకు.

మణలికి సముద్రం దగ్గర, పైగా అక్టోబరు నుంచి డిసెంబరు దాకా వానలు. ఇన్సులేషన్ కింద తుప్పుకు ఇంతకంటే ఏం కావాలి! కార్బన్ స్టీలుకు మైనస్ 12 నుంచి 175 డిగ్రీల దాకా ప్రమాదమే. సపోర్టులు, డెడ్ లెగ్‌లు (ప్రవాహం లేని పైపు కొమ్మలు), ట్రేసింగ్ (పైపును వేడిగా ఉంచే ఆవిరి గొట్టం) లీకయ్యే చోట్లు, నిలువు లైను అడుగు సెప్టెంబరులోపు చూసెయ్. కొలవడానికి ఇన్సులేషన్‌లో కోసిన కిటికీకి మూత బిగించకపోతే నీళ్ళు దూరేది అక్కడినుంచే. మరొకటి: నడుస్తున్న లైను మీద దళసరి తుప్పు పొర కనిపిస్తే సుత్తితో రాల్చనివ్వకు. ఒక్కోసారి ఆ పొరే లీకును ఆపుతూ ఉంటుంది. ముందు ప్రొఫైల్ రేడియోగ్రఫీ (పైపు గోడ మందం కనిపించేలా తీసే ఎక్స్‌రే లాంటి చిత్రం) తీయించు.

260 డిగ్రీలు దాటిన గంధకం లైన్లలో పాత కార్బన్ స్టీలు ముక్కల సిలికాన్ చూడు. 0.10 శాతం కంటే తక్కువున్న ముక్క పక్కదానికంటే వేగంగా అరుగుతుంది. 2012 ఆగస్టులో కాలిఫోర్నియాలోని రిచ్‌మండ్ రిఫైనరీలో పగిలింది అలాంటి 8 అంగుళాల తిన్నని ముక్కే. ఎల్బోలు మాత్రమే కొలిచిన రిపోర్టు వస్తే సంతకం పెట్టకు, రెండు వెల్డుల మధ్య ఉన్న ప్రతి ముక్కకూ కనీసం ఒక రీడింగు అడుగు.

ఆశీస్సులతో,
మీ మామయ్య