అమ్మాయి ఇంట్లో ఖాళీగానే ఉంటోంది, ఏ కోర్సులో చేర్చమంటారు?

ప్రశ్న: మాది నర్సాపురం దగ్గర పల్లెటూరు. రొయ్యల చెరువులు లీజుకి తీసుకుని చేస్తాను. మా అమ్మాయికి 25 ఏళ్లు, బీఎస్సీ చదివింది. అల్లుడు కువైట్‌లో ఉంటాడు. అమ్మాయి రెండేళ్ల పాపతో మా దగ్గరే ఉంటోంది. ఇంట్లో ఖాళీగానే ఉంటోంది. పాప పడుకున్నాక రాత్రి పన్నెండింటి దాకా బొమ్మలు గీస్తూ టైమ్ వేస్ట్ చేస్తోంది. ఆన్‌లైన్‌లో యూఐ-యూఎక్స్ డిజైన్ కోర్సు చేస్తానంటోంది. ఫీజు లక్షా పది వేలు, ప్లేస్‌మెంట్ గ్యారంటీ అట. ఆదివారంలోపు అయిదు వేలు కడితే సీటు ఉంచుతారట. నేను బీఈడీ చేయమంటున్నాను. ఏది మంచిదో చెప్పండి. పాపతో కుదిరేలా ఒక టైమ్‌టేబుల్ కూడా ఇవ్వండి. తను గీసిన బొమ్మ ఫోటో పంపుతున్నాను, మీరే చూడండి.

జవాబు: నమస్కారమండీ. ఇలాంటి ఉత్తరాలు నాకు నెలకి నాలుగైదు వస్తాయి. పాలకొల్లు నుంచి, రాజోలు నుంచి, అమలాపురం నుంచి. ఊరు మారుతుంది, కోర్సు పేరు మారుతుంది, ‘ఇంట్లో ఖాళీగానే ఉంటోంది’ అన్న మాట మాత్రం మారదు. కోర్సులు రెండూ పక్కపక్కన పెట్టి చూద్దాం కానీ, ముందు ఆ మాట సంగతి తేల్చుకోవాలి.

బొమ్మ చూశాను. రొయ్యల మేత బిల్లు వెనక బాల్‌పెన్నుతో గీసింది. అరుగు మీద ఒకావిడ కూర్చుని లేసు అల్లుతోంది. దారం ఉండ దొర్లిపోకుండా స్టీలు చెంబులో వేసి పెట్టుకుంది. ఒళ్లో పాప నిద్రపోతోంది. పాప మొహం మీద ఎండ పడకుండా ఆవిడ కాస్త పక్కకి తిరిగి కూర్చుంది. దాంతో చేతిలో పని నీడలోకి వెళ్లి, మెడ బాగా వంచాల్సొచ్చింది. ఆ మెడ వంపు ఊహించి గీసేది కాదండీ, రోజూ చూస్తే గానీ రాదు. ఆవిడ మీ ఇంటావిడే అయ్యుంటారని నా అనుమానం.

మీ వైపు లేసుకి 2024లో భౌగోళిక గుర్తింపు (జీఐ ట్యాగ్) వచ్చింది, మీకు తెలిసే ఉంటుంది. అంతకు చాలా ముందే మరియా మీస్ అనే జర్మన్ సామాజిక శాస్త్రవేత్త మీ చుట్టుపక్కల ఊళ్లలో లేసు అల్లే ఆడవాళ్ల మీద పరిశోధన చేశారు. ఆ పుస్తకం 1982లో వచ్చింది. వంటా, పిల్లలూ, ఇంటి చాకిరీ అన్నీ చూసుకుంటూనే వాళ్లు గంటల తరబడి అల్లేవారు. ఆ లేసు విదేశాలకి వెళ్లేది. అయినా అది ‘ఖాళీ టైములో చేసుకునే పని’ అనే లెక్క. ఖాళీ టైము పనికి కూలి కూడా అలాగే ఉండేది. నలభై ఏళ్లు దాటాక, అదే మాట మీరు మీ అమ్మాయి గురించి రాశారు.

కొంచెం గట్టిగా మాట్లాడతాను, ఏమీ అనుకోకండి. రాత్రి రెండింటికి కరెంటు పోతే మీరు చెరువు దగ్గరకి పరుగెత్తి జనరేటర్ వేస్తారు. తెల్లవారుజామున నీళ్లలో ఆక్సిజన్ పడిపోతే రొయ్యలు చచ్చిపోతాయని మీకు తెలుసు. మర్నాడు మధ్యాహ్నం మీరు కునుకు తీస్తే, ఖాళీగా ఉన్నాడని ఇంట్లో ఎవరైనా అంటారా? రెండేళ్ల పాపతో ఉండడమంటే రోజంతా గట్టు మీద కాపలా ఉన్నట్టే. అమ్మాయి రాత్రి పన్నెండింటి దాకా మేలుకుని గీస్తోందంటే, ఇరవై నాలుగు గంటల్లో తనకంటూ దొరికింది ఆ కాసేపే. దాన్ని కూడా వేస్ట్ అంటే ఎలాగండీ?

అందుకే టైమ్‌టేబుల్ ఇవ్వను. ఒకప్పుడు ఇచ్చేవాణ్ణి. తెల్లవారి నాలుగింటికి లేచి చదువుకోమని ఒక తల్లికి రాసిచ్చాను. మూడో వారం వచ్చి కళ్లనీళ్లు పెట్టుకుంది. ‘నాలుగింటికే లేస్తున్నానండీ, నాతో పాటే బాబూ లేస్తున్నాడు’ అంది. ఆ రోజు నుంచి మానేశాను. పొద్దున్నే లేవడం గురించి వీడియోల్లో చెప్పేవాళ్ల ఇంట్లో పిల్లల్ని ఎత్తుకునే మనిషి ఇంకొకరు ఉంటారు. ఆ మనిషి వీడియోలో కనపడరు.

మీ ఇంట్లో ఆ మనిషి మీరే కావాలి. సాయంత్రం అయిదున్నర నుంచి ఏడున్నర దాకా పాపని మీరు తీసుకోండి. కాలవ గట్టుకి తీసుకెళ్లండి, బాతుల్ని చూపించండి. మీ ఆవిడకి అప్పజెప్పకండి, ఆవిడకి లేసుంది, పొయ్యి మీద అన్నం ఉంది. ఆ రెండు గంటలూ ‘అమ్మా, కాస్త టీ పెట్టు’ అని కూడా అమ్మాయిని పిలవకండి.

ఇక కోర్సు. యూఐ-యూఎక్స్ అంటే ఫోన్ యాప్‌లూ వెబ్‌సైట్లూ వాడేవాళ్లకి సులువుగా ఉండేలా రూపొందించే పని. మంచి పనే. నా అనుమానమంతా ఆ లక్షా పది వేల మీద. మొదటి ఉద్యోగం కోసం ఇంజినీరింగ్ చదివినవాళ్లూ, డిజైన్ కాలేజీల్లో నాలుగేళ్లు చదివొచ్చినవాళ్లూ అదే వరసలో నిలబడి ఉన్నారు. కొత్తవాళ్లకి ఇచ్చే చిన్నచిన్న పనుల్ని ఏఐ నిమిషాల్లో చేసి పెడుతోంది. గ్యారంటీ కాగితం అడిగి తెప్పించుకుని చిన్న అక్షరాలు చదవండి. నేను చూసిన కాగితాల్లో బెంగళూరైనా హైదరాబాదైనా ఎక్కడ చూపిస్తే అక్కడికి వెళ్లాలని ఉంది. పాపని వదిలి వెళ్తుందా? వెళ్లనంటే గ్యారంటీ పోయినట్టే. ఫీజు వాయిదాల్లో కట్టొచ్చంటే అది చాలాసార్లు ఫైనాన్స్ కంపెనీ అప్పు. అమ్మాయి మధ్యలో మానేసినా వాయిదాలు ఆగవు. రెండో నెలలో మానేసి, ఏడాది పైగా వాయిదాలు కట్టిన కుటుంబం నాకు తెలుసు.

ఇంకో సంగతి. ఆ పనికీ బొమ్మలు గీయడానికీ పోలిక తక్కువ. ఒక బటన్ ఎక్కడ పెడితే జనం తికమక పడరో ఆలోచించే పని అది. ఫిగ్మా అనే సాఫ్ట్‌వేర్‌తో ఉచితంగానే మొదలుపెట్టొచ్చు. మూడు నెలలు దాంతో చేసి చూడమనండి. నచ్చిందో లేదో తనకే తెలుస్తుంది.

బీఈడీ చెడ్డదని అనను. కానీ రెండేళ్లు, తరగతులకి 80 శాతం, స్కూల్ ఇంటర్న్‌షిప్‌కి 90 శాతం హాజరు ఉండాలి. ‘హాజరు మేం చూసుకుంటాం’ అనే కాలేజీల గడప తొక్కకండి. ప్రభుత్వ టీచరు ఉద్యోగాలకి పెట్టే డీఎస్సీ కూడా ఏటా రాదు. 2018 డీఎస్సీ తర్వాత మళ్లీ పెద్ద డీఎస్సీ జరిగింది 2025లో, 16,347 పోస్టులకి. పాప బడికి వెళ్లే వయసొచ్చాక చేరినా ఆలస్యమేమీ కాదు.

మీరిద్దరూ అనుకోని దారి ఒకటుంది. ప్రభుత్వ పరీక్షల విభాగం పెట్టే డ్రాయింగ్ లోయర్ గ్రేడ్, హయ్యర్ గ్రేడ్ రాయించండి. పరీక్ష ఫీజు వందల్లోనే ఉంటుంది. తర్వాత వేసవిలో 42 రోజుల టీటీసీ (టెక్నికల్ టీచర్స్ సర్టిఫికెట్) శిక్షణ. ప్రైవేటు స్కూళ్లలో డ్రాయింగ్ టీచరుగా చేరడానికి ఇవి పనికొస్తాయి. జీతం పెద్దగా ఉండదు, ముందే చెబుతున్నాను. కానీ మీ ఊరి చుట్టుపక్కలే, పగటిపూటే. పిల్లల కథలకి బొమ్మలెలా వేస్తారో చూడాలంటే ప్రథమ్ బుక్స్ వాళ్ల స్టోరీవీవర్‌లో తెలుగు పుస్తకాలు ఉచితంగా ఉన్నాయి.

బాపుగారు మీ నర్సాపురంలోనే పుట్టారు, లా చదివి బొమ్మల్లోకి వచ్చారు. అయినా ఆయన పేరు చెప్పి మిమ్మల్ని ఒప్పించను, అలాంటివాళ్లు కోటికొక్కరు. మీ భయం నాకు అర్థమైంది. రేపు కువైట్ ఉద్యోగానికి ఏమైనా అయితే అమ్మాయి ఎలా నిలబడుతుందనేగా? నిలబడుతుందండీ. రోజంతా పాపతో అలిసిపోయి కూడా రాత్రి పెన్ను పట్టుకుంటున్న మనిషి పని తప్పించుకునే రకం కాదు. చెరువులో సీడ్ (రొయ్య పిల్లలు) వేసిన పదో రోజున కౌంటు (కిలోకి ఎన్ని రొయ్యలో) ఎంతొచ్చిందని మీరు అడగరు కదా. మూడు నాలుగు నెలలు మేత వేస్తూ, నీళ్లు చూసుకుంటూ ఆగుతారు. అమ్మాయికి ఒక సంవత్సరం ఇవ్వండి.

ఆ అయిదు వేలు ఆదివారంలోపు కట్టకండి. అందులో మూడు నాలుగు వందలు పెట్టి మంచి డ్రాయింగ్ పుస్తకం, పెన్సిళ్లు కొనివ్వండి. మేత బిల్లు మీద గీసిన బొమ్మ పారేయకుండా దాచండి. ఈసారి ఉత్తరం అమ్మాయినే రాయమనండి.